తీగ వెనుక మనిషి: శివసముద్రం నుంచి పావగడ దాకా



మా పావగడ తాలూకా సంగతి సరిహద్దు జిల్లాల వాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, చుట్టూ మూడు వైపులా ఆంధ్రప్రదేశ్. పగలంతా బడిలో కన్నడంలో పాఠం చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి తెలుగులో అన్నం అడిగే మేష్టర్లలో నేనూ ఒకణ్ణి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఇన్నాళ్లూ శాపమనుకున్న ఆ ఎండనే నాగలమడక హోబళిలోని అయిదు గ్రామాలు ఇప్పుడు పంటగా తీస్తున్నాయి. తిరుమణి, బళసముద్ర, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల పరిధిలో 13 వేల ఎకరాల్లో సౌర విద్యుత్ కేంద్రం ఉంది. 2018 మార్చి 1న మొదటి 600 మెగావాట్లతో ప్రారంభమై, 2019 డిసెంబరు నాటికి 2,050 మెగావాట్లకు చేరింది.

ఒక సాయంత్రం తిరుమణి వైపు వెళ్లినప్పుడు నాకొక ప్రశ్న పుట్టింది. పొద్దు వాలుతోంది. చూస్తుండగానే ఆ అద్దాల పలకలన్నీ నల్లబడిపోయాయి. అంటే మధ్యాహ్నం దాకా లక్షల ఇళ్లకు సరిపడిన కరెంటు గంటా రెండు గంటల్లో సున్నా అయిపోయిందన్నమాట. సరిగ్గా అదే వేళకు ఊరూరా దీపాలు వెలిగాయి. మరి ఏ ఇంట్లోనూ దీపం మిణుకుమనలేదేం? అక్కడ పోయినదాన్ని ఇంకెక్కడి నుంచో తెచ్చి నింపిన వాళ్లు ఎవరు? వాళ్ల లెక్క తప్పితే ఏమవుతుంది? తప్పిందని వాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఈ చివరి ప్రశ్న గురించే ఈ ప్రసంగం. తప్పులు జరగకుండా చూడడం గురించి మనకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. జరిగిన తప్పును జరిగిన చోటనే పట్టుకుని, అది ప్రమాదంగా ముదరకుండా సరిదిద్దడం వేరే విద్య. మన ప్రాంతపు కరెంటు చరిత్రలో ఆ విద్య ఎలా పెరిగిందో చూద్దాం.

కథ 1902లో మొదలవుతుంది. ఆ సంవత్సరం జూన్ 30న కావేరి నది మీది శివసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు విద్యుత్తు వెళ్లింది. మధ్య దూరం 92 మైళ్లు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే అంత పొడవైన లైన్లు బహు తక్కువ. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది ఆ తర్వాత మూడేళ్లకు, 1905లో. ముందుగా కరెంటు చూసింది గనులే. ఆ గనుల్లో పని చేసిన వాళ్లలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ వేలమంది. కోలారు పల్లెల్లో ఆ కుటుంబాల వాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

ఆనాటి వ్యవస్థ సులువుగా అర్థమయ్యేది. ఒక జలపాతం, ఒక యంత్రశాల, ఒక లైను, ఒక ముఖ్యమైన వాడకందారు. యంత్రం దగ్గర నిలబడ్డ మనిషికి దాని హోరు మారితే చెవికే తెలుస్తుంది. తప్పుకూ దాన్ని చేసిన చేతికీ మధ్య దూరం తక్కువ. అందుకని దిద్దుకోవడమూ తేలికే.

తర్వాత ఊళ్లు పెరిగాయి, ఆనకట్టలు వచ్చాయి, బొగ్గు కేంద్రాలు వచ్చాయి. ఒక రాష్ట్రపు లైన్లు ఇంకో రాష్ట్రపు లైన్లతో ముడిపడ్డాయి. దీన్నే గ్రిడ్డు అంటున్నాం. కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు, కేరళలు కలిసి దక్షిణ గ్రిడ్డు అయ్యాయి. దాన్ని కాపలా కాసే కేంద్రం బెంగళూరులో వెలిసింది. ఇక్కడి నుంచి ఒక మనిషి చేసిన పొరపాటు ఎక్కడో వందల మైళ్ల అవతల బయటపడడం మొదలైంది. చేసినవాడికి కనబడదు, కనబడినవాడికి కారణం తెలియదు. చిక్కంతా ఇదే.

గ్రిడ్డు ఎలా నడుస్తుందో ఒక పాత బొమ్మతో చెబుతాను. మన తాతల కాలంలో బావి మీద కపిల తోలేవాళ్లు. ఎద్దులు ఒకే వేగంతో నడుస్తుంటే నీళ్లు సాఫీగా వస్తాయి. బాన బరువెక్కితే ఎద్దుల నడక తగ్గుతుంది. తాడు తెగి బరువు పోతే ఎద్దులు ముందుకు తూలుతాయి. తోలేవాడు బానలోకి తొంగి చూడనక్కరలేదు, ఎద్దుల నడక చూస్తే చాలు. విద్యుత్తులో ఆ నడకను పౌనఃపున్యం అంటారు, ఫ్రీక్వెన్సీ అన్నా అదే. మన దేశంలో అది సెకనుకు 50 సార్లు ఉండాలి. వాడకం ఎక్కువై ఉత్పత్తి చాలకపోతే 50 నుంచి కిందికి దిగుతుంది, ఉత్పత్తి ఎక్కువైతే పైకి పోతుంది. ఒక గ్రిడ్డులో ఎన్ని కేంద్రాలున్నా, ఎన్ని కోట్ల దీపాలున్నా, అందరికీ ఈ అంకె ఒక్కటే.

1990లలో దక్షిణ గ్రిడ్డులో ఆ అంకె దీనంగా ఉండేది. 48.5 కంటే కిందికి జారిపోయిన సందర్భాలు ఎన్నో. ఆ రోజులు నాకు బాగా గుర్తు. రాత్రి కరెంటు వస్తుందని రైతు పొలం గట్టున పడుకునేవాడు. వచ్చిన కరెంటేమో నీరసంగా ఉండి మోటారు వేడెక్కి కాలిపోయేది. శెనక్కాయ పంటకు తడి అందక ఎండిపోయేది. తప్పు మోటారుదనో, బోరుదనో, లైన్‌మ్యాన్‌దనో అనుకునేవాళ్లం. ఉన్నదానికంటే ఎక్కువ లాగుతున్నది ఎవరో మాకు తెలిసే దారే లేదు. లాగుతున్న రాష్ట్రాలకూ అది నొప్పి కలిగించలేదు. ఎంత లాగినా యూనిట్టు ధర ఒక్కటే కదా!

2003 జనవరిలో దక్షిణ ప్రాంతంలో కొత్త పద్ధతి వచ్చింది. ప్రతి రాష్ట్రం ముందురోజే తన అవసరం ఎంతో పావుగంట పావుగంటకూ లెక్క రాసి ఇవ్వాలి. ఆ లెక్క దాటి లాగితే, ఆ క్షణాన ఫ్రీక్వెన్సీ ఎంత తక్కువగా ఉంటే అంత ఎక్కువ ధర కట్టాలి. తర్వాతి కాలంలో నిబంధనలూ వాటి పేర్లూ మారాయిగాని మూలసూత్రం నిలిచింది. కొద్దికాలంలోనే ఆ అంకె 50 దగ్గరికి వచ్చింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. కొత్త ఉత్పత్తి కేంద్రం ఏదీ రాత్రికి రాత్రి పుట్టలేదు. జరిగింది ఏమిటంటే, ఎవరి తప్పు వాళ్ల గోడ మీదనే, వాళ్ల కంటికే, వాళ్ల ఖర్చుకే కనిపించసాగింది. తప్పును దిద్దడంలో మొదటి మెట్టు అదే. అది చేసినవాడికి, చేసిన వేళకే కనబడాలి.

మనిషి తన తప్పును ఎలా గుర్తిస్తాడనే విషయాన్ని పరిశోధించిన వాళ్లున్నారు. బ్రిటన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ 1990లో మనుషుల పొరపాట్ల మీద ఒక పుస్తకం రాశారు. తప్పు బయటపడడానికి మూడు దారులున్నాయని ఆయన చెప్పారు. ఒకటి, చేస్తున్న చేతికే అనుమానం రావడం. రెండు, చుట్టూ ఉన్న వస్తువేదో అడ్డుపడి తెలియజెప్పడం. మూడు, పక్కవాడు చెప్పడం. ఇవి పుస్తకంలో మాటలు. నేను దగ్గరగా చూసిన ఒక సంఘటనతో వీటిని పోల్చి చెబుతాను. ఊరి పేరు, ఆఫీసు పేరు వద్దులెండి.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు లైన్‌మ్యాన్ అయ్యాడు. ఒక వానాకాలం సాయంత్రం గాలికి చెట్టుకొమ్మ విరిగి పదకొండు వేల వోల్టుల లైను మీద పడింది. పద్ధతి ప్రకారం సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి లైన్ క్లియర్ అడిగాడు. అంటే, ఆ ఫీడరు ఆపేశాం, నువ్వు తీగ ముట్టుకోవచ్చు అనే అనుమతి. అక్కడ డ్యూటీలో ఉన్న ఆపరేటరు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. ఆపేశానన్నాడు. నిజంగానే ఆపాడు. కాని ఆపింది పక్క ఫీడరును. ఆ రెండు ఫీడర్ల పేర్లూ దాదాపు ఒకే తీరు, పైగా పొద్దున అదే పక్క ఫీడరును రెండుసార్లు ఆపి ఉన్నాడు. చెవిలో పడిన పేరు ఒకటి, మనసు వినదలచుకున్న పేరు ఇంకొకటి.

మా కుర్రాడికి ఒక అలవాటు ఉంది. అనుమతి వచ్చినా సరే, స్తంభం ఎక్కే ముందు ఎర్త్ రాడ్డు భూమికి బిగించి, దూరం నుంచి దాని కొక్కెం తీగకు తగిలిస్తాడు. ఆ రోజూ తగిలించాడు. ఫెళ్లున మెరుపు మెరిసింది, లైను ట్రిప్ అయింది. వాడు నేల మీదే ఉన్నాడు. మరునాడు మా ఇంటికొచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, "సార్, ఆ రాడ్డు బరువని నిన్న జీపులోనే పెట్టి పోదామనుకున్నా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాడికి పెళ్లయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

చూశారా, ఆపరేటరు చేతికి అనుమానం రాలేదు. పక్కన చెప్పడానికి ఇంకో మనిషి లేడు. మూడు దారుల్లో రెండు మూసుకుపోయాయి. మిగిలిన ఒక్క దారిలో ఇనప రాడ్డు నిలబడి నిజం చెప్పింది. తర్వాత ఆ ఆపరేటరు చేసిన పని నాకు ఇంకా గొప్పగా తోచింది. దాన్ని దాచలేదు. ఫలానా సమయాన నేను తప్పు ఫీడరు ఆపాను అని రిజిస్టరులో తన చేత్తోనే రాశాడు. రాసినందువల్ల ఆ రెండు ఫీడర్ల పేర్లు మార్చారు, స్విచ్చుల మీద వేరే రంగులు పూశారు. లైన్ క్లియర్ అడిగినవాడు చెప్పిన ఫీడరు పేరూ స్తంభం నంబరూ విన్నవాడు తిరిగి చదవాలని, అడిగినవాడు సరే అన్నాకే స్విచ్చు ముట్టాలని కట్టుబాటు చేసుకున్నారు.

ఇది చెయ్యి జారిన తప్పు. దీన్ని పట్టుకోవడం కొంత సులువు. మనసు పొరబడిన తప్పు ఇంకా కష్టం. ఏం జరుగుతోందో మనకు తెలిసిపోయిందని గట్టిగా నమ్మి, ఆ నమ్మకమే తప్పయినప్పుడు, కళ్ల ముందున్న సాక్ష్యం కూడా ఆ నమ్మకానికే సాక్ష్యంగా కనిపిస్తుంది. దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ అమెరికాలో జరిగింది. 1979 మార్చి 28 తెల్లవారుజామున నాలుగు గంటలకు త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక కవాటం తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు. కాని బల్ల మీద దీపం ఆరిపోయింది. ఆ దీపం చెప్పేది, మూసుకో అనే ఆజ్ఞ వెళ్లిందని మాత్రమే. మూసుకున్నదో లేదో అది చెప్పదు. మూసుకుందని ఆపరేటర్లు నమ్మారు. ఒకవైపు నీరు కారిపోతుంటే, నీరు ఎక్కువైందనుకుని లోపలికి వచ్చే నీటిని తగ్గించారు. వందకు పైగా హెచ్చరిక గంటలు ఒక్కసారిగా మోగుతుంటే ఏది వినాలి? రెండు గంటల ఇరవై నిమిషాలకు పైగా అలాగే గడిచింది. కొత్త షిఫ్టుకు వచ్చిన ఒక అధికారి పాత నమ్మకం లేని కళ్లతో చూసి, ఆ దారిలో ఉన్న రెండో కవాటాన్ని మూయించాడు. అప్పటికే అణు ఇంధనానికి తీవ్ర నష్టం జరిగింది. ఇంకా ఆలస్యమైతే ఏమయ్యేదో!

ఆ తర్వాత డేవిడ్ వుడ్స్ అనే పరిశోధకుడు అణుకేంద్రాల ఆపరేటర్లను కృత్రిమ యంత్రశాలల్లో కూర్చోబెట్టి గమనించారు. చెయ్యి జారిన తప్పుల్లో చాలావాటిని ఆపరేటర్లే పట్టుకున్నారు. పరిస్థితిని తప్పుగా అర్థం చేసుకున్న సందర్భాల్లో మాత్రం చేసినవాళ్లు ఒక్కసారి కూడా తమంతట తాము పట్టుకోలేదు. బయటి నుంచి వచ్చిన మనిషే పట్టుకోవలసి వచ్చింది. మన పల్లెల్లో పంచాయితీ తేలకపోతే పక్క ఊరి పెద్దమనిషిని పిలిచేది ఇందుకే కాబోలు.

ఇక మన దేశానికి వద్దాం. 2012 జూలై 30 రాత్రి రెండున్నర దాటాక ఉత్తర భారతమంతా చీకటైంది. మరునాడు, జూలై 31 మధ్యాహ్నం ఒంటిగంటకు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్డులు మూడూ కూలాయి. దాదాపు 60 కోట్ల మంది నివసించే ప్రాంతం అది. రైళ్లు నడుమ దారిలో ఆగాయి. బెంగాల్, ఝార్ఖండ్ బొగ్గు గనుల్లో కార్మికులు భూమి లోపల చిక్కుకుపోయి, తర్వాత క్షేమంగా పైకి వచ్చారు. కోలారు గనుల కథ విన్న మనకు ఆ గంటలు ఎలా గడిచి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

విచారణ సంఘం చెప్పిన కారణాలు పాఠంలా ఉంటాయి. పశ్చిమ, ఉత్తర ప్రాంతాల మధ్య చాలా లైన్లు ఆ రోజుల్లో పనిచేయడం లేదు. ఉన్నవాటిలో బీనా నుంచి గ్వాలియర్ వెళ్లే 400 కిలోవోల్టుల లైను మీద మోయలేని బరువు పడింది. ఎక్కువ లాగుతున్న రాష్ట్రాలను తగ్గించుకోమని గ్రిడ్డు కేంద్రం వాళ్లు చెప్పారు. స్పందన చాలలేదు. చివరికి లైనును కాపాడవలసిన రక్షణ యంత్రం, ఆ బరువునే లైన్లో దోషమని పొరబడి లైనును విడదీసింది. గమనించండి, తప్పు ఆపరేటర్ల కంటపడింది, నోటితో చెప్పారు కూడా. వినవలసిన చెవులు వినలేదు. పట్టుకోవడం ఒక్కటే చాలదు, ఆపగలిగే అధికారం కూడా ఉండాలి. మొదటి రోజు తిరిగి నిలబెట్టాక కూడా ఆ బలహీనత అలాగే మిగిలి ఉంది. రెండో రోజు అదే చోట మళ్లీ తెగింది.

ఆ రెండు రోజులూ దక్షిణాదిన మన దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఎందుకంటే అప్పటికి మన గ్రిడ్డు మిగతా దేశంతో ఒకే నడక నడవడం లేదు. ఒడిశాలోని తాల్చేరు నుంచి మన కోలారుకు 2003లో వచ్చిన ఏకముఖ విద్యుత్ లైను వంటి వాటితో మాత్రమే కలిసి ఉండేది. అలాంటి లైను కరెంటునే మోస్తుంది, అవతలి తడబాటును మోయదు. తూర్పు గ్రిడ్డు కూలడంతో అటునుంచి వచ్చే కరెంటు తగ్గింది. ఫ్రీక్వెన్సీ పడిపోగానే కొన్ని ప్రాంతాల వాడకాన్ని తనంతట తానే తెంపే ఏర్పాటు పనిచేసి మిగతా దక్షిణాన్ని నిలబెట్టింది. కొమ్మను కోసి చెట్టును బతికించడం అంటే ఇదే. తప్పు నుంచి కోలుకోవడంలో ఇది రెండో మెట్టు. కారణం వెతకడానికి ముందే నష్టం పాకకుండా ఆపాలి.

ఆగాలి, నిలబడాలి, తర్వాతే బాగుచేయాలి. ఈ వరుస కరెంటుకే కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. బళ్లారి, రాయచూరు, కర్నూలు, అనంతపురం రైతుల గుండెలు ఆగినంత పనయింది. ఇంజనీర్లు మొదట చేసిన పని మిగిలిన గేట్లను కూడా తెరవడం. నీళ్లు పోతుంటే ఇంకా వదలడమేమిటని మనకు అనిపిస్తుంది. కాని ఆనకట్ట మీద ఒత్తిడి తగ్గించడం ముందు, నీళ్లు దాచుకోవడం తర్వాత. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు సలహాతో, పారుతున్న నీటిలోనే ఇనప పలకలు ఒకదాని మీద ఒకటి దించి, వారం లోపల, ఆగస్టు 17 నాటికి ఆ కంతను మూశారు. పోయిన నీరు పోయింది, ఆనకట్ట నిలిచింది. ఆ ఏడు ఆయకట్టు బతికింది.

కోలుకునే ప్రయత్నానికి ఒక్కోసారి ప్రాణాలే ధరగా కట్టవలసి వస్తుంది. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. ఆ రాత్రి డ్యూటీకి వెళ్లిన వాళ్లు మనలాంటి ఇళ్ల నుంచే అన్నం తిని బయల్దేరి ఉంటారు. స్విచ్చు వేసినప్పుడల్లా గుర్తు రాకపోయినా, ఎప్పుడో ఒకసారి వాళ్లు మనకు గుర్తు రావాలి.

మళ్లీ గ్రిడ్డు దగ్గరికి. 2013 డిసెంబరు 31న మన రాయచూరును మహారాష్ట్రలోని షోలాపూరుతో 765 కిలోవోల్టుల లైను కలిపింది. దానితో దేశమంతా ఒకే గ్రిడ్డు అయింది. కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా ఒకటే నడక. లాభం పెద్దది. ఒకచోట లోటు పడితే దేశమంతా భుజం ఇస్తుంది. బాధ్యతా పెద్దదే. ఒకచోటి తడబాటు అందరికీ తగులుతుంది.

అలాంటి గ్రిడ్డులోకి మా పావగడ ఎండ చేరింది. బొగ్గు కేంద్రానికి ఎంత చేయాలో చెప్పవచ్చు. సూర్యుడికి ఎవరు చెబుతారు? అందుకని రేపు ఎంత ఎండ వస్తుందో ముందే అంచనా కడతారు. 2019 డిసెంబరు 26న పొద్దునే సూర్యగ్రహణం పట్టింది. ఎన్ని గంటలకు ఎంత తగ్గుతుందో, ఎప్పుడు తిరిగి లేస్తుందో ముందే లెక్కకట్టి ఏర్పాట్లు చేసుకున్నారు. గ్రిడ్డు సాఫీగా నడిచింది. పంచాంగంలో ఉన్న గ్రహణంతో చిక్కు లేదు. పంచాంగంలో లేని మబ్బుతోనే చిక్కంతా. అంచనా తప్పుతుందని తెలిసే అంచనా కట్టే పని ఇది. అందుకే శరావతి వంటి జలవిద్యుత్ కేంద్రాలను చేతికింద సిద్ధంగా ఉంచుకుంటారు. నీటి యంత్రాన్ని నిమిషాల్లో పెంచవచ్చు, దించవచ్చు. సాయంత్రం తిరుమణిలో పలకలు నల్లబడే వేళకు పశ్చిమ కనుమల్లో నీళ్లు దూకుతాయి. నా ప్రశ్నకు జవాబు అది.

ఈ విద్యకు అసలు పరీక్ష 2020 ఏప్రిల్ 5న వచ్చింది. కరోనా రోజులు. రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాల పాటు ఇళ్లలో దీపాలు ఆర్పమని ప్రధానమంత్రి రెండు రోజుల ముందు పిలుపునిచ్చారు. మనం వాకిట్లో ప్రమిదలు వెలిగించాం. గ్రిడ్డు కేంద్రాల్లో ఆ రెండు రోజులూ నిద్ర లేదు. వాడకం 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గవచ్చని లెక్క వేశారు. ఆ రాత్రి నిజంగా తగ్గింది దాదాపు 31 వేల మెగావాట్లు. లెక్క రెండింతలకు పైగా తప్పింది!

అయినా దీపం ఆరలేదు. ఎందుకని? తాము వేసిన లెక్కనే నమ్ముకుని కూర్చోలేదు కనుక. లెక్క తప్పితే ఏం చేయాలో కూడా ముందే అనుకున్నారు. దేశంలోని జలవిద్యుత్తును ముందుగా ఎక్కువగా నడిపి ఉంచుకుని, 8.45 నుంచి 9.10 లోపల సుమారు 25,500 మెగావాట్ల నుంచి 8,000కు దించారు. జనం మళ్లీ దీపాలు వేయగానే 9.27కల్లా 19,000కు ఎక్కించారు. కపిల ఎద్దుల ముందు నుంచి బరువు తీసినంత పనయింది, అయినా తోలేవాడు తాడు వదల్లేదు. ఆ అంకె 49.70 కంటే దిగలేదు, 50.26 దాటలేదు. చదువరి లెక్క తప్పవచ్చు. తప్పుతుందనే ఎరుక ఉన్నవాడు మాత్రం మునగడు. ఇది మూడో మెట్టు.

శ్రోతలారా, నేను ఇంజనీరును కాను, బడిపంతులును. నా పనిలోనూ ఒక తప్పు జరిగింది. ఒకసారి పదో తరగతి పిల్లల జవాబుపత్రాలు పంచాను. చివరి బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "సార్, నాకు కూడికలో నాలుగు మార్కులు ఎక్కువేసినారు" అంది. తరగతి అంతా నవ్వింది. కొందరు దాన్ని తెలివితక్కువది అన్నారు. మార్కులు తగ్గించాను. తగ్గించేటప్పుడు నా చెయ్యి ఒక క్షణం ఆగింది. ఆ రోజు ఆ పిల్ల నవ్వులపాలై ఊరుకుని ఉంటే, మళ్లీ నా తరగతిలో ఎవరూ నా తప్పు నాకు చెప్పరు. అందుకని పిల్లలందరి ముందూ ఆ అమ్మాయికి కృతజ్ఞత చెప్పి, మిగతా పత్రాలన్నీ మళ్లీ కూడాను. ఇంకో మూడింట్లో తప్పులు దొరికాయి. వాటిలో రెండు పిల్లలకు నష్టం చేసినవి.

తప్పు ఒప్పుకున్నవాణ్ణి శిక్షిస్తే మిగిలేది తప్పులు లేని చోటు కాదు, తప్పులు కనబడని చోటు. విమానయానంలో ఈ సంగతి ముందే గ్రహించారు. పైలట్లూ కంట్రోలర్లూ తమ పొరపాట్లను పేరు బయటపడకుండా తెలియజేసే ఏర్పాటు అమెరికాలో 1976 నుంచి ఉంది. మా సబ్‌స్టేషన్ ఆపరేటరుకు అలాంటి ఏర్పాటేదీ లేదు. తన మనసు మాట విని రిజిస్టరులో రాశాడు. పైవాళ్లు అతణ్ణి సస్పెండు చేసి ఊరుకుని ఉంటే, ఆ స్విచ్చులకు రంగులు పడేవి కావు.

ఇందులో మన పని కూడా ఒకటి ఉంది. మన ఊళ్లో తీగ తెగినా, కొమ్మ పడినా కరెంటు ఆఫీసుకు ఫోను చేస్తాం. కోపంలో ఉంటాం, చీకట్లో ఉంటాం. ఊరి పేరు చెప్పి పెట్టేస్తాం. ఈసారి అలా చేయకండి. ట్రాన్స్‌ఫార్మరు ఏదో, స్తంభం నంబరు ఎంతో, ఎవరి పొలం దగ్గరో నిదానంగా చెప్పండి. చెప్పినదాన్ని అవతలి మనిషి చేత ఒక్కసారి తిరిగి చెప్పించండి. అర నిమిషం పడుతుంది. ఆ రాత్రి స్తంభం దగ్గరికి వచ్చేవాడు ఎవరి శిష్యుడో, ఎవరి అల్లుడో. వాడు మళ్లీ ఇంటికి చేరాలి కదా.